పాత గల్లీలో కొత్త కమ్యూనిటీ హాల్: ముగ్గు పోయకముందే ఏం చూడాలి?

మీ వార్డుకు కమ్యూనిటీ హాల్ మంజూరైందన్న సంగతి చాలాసార్లు శిలాఫలకం దగ్గరే తెలుస్తుంది. అప్పటికి నిధులు వచ్చేసి ఉంటాయి, స్థలం ఖరారై ఉంటుంది, ప్లాన్ కూడా సిద్ధంగా ఉంటుంది. ఆ ప్లాన్‌ను నిజామాబాద్ ఖిల్లా కింది గల్లీ కోసం గీశారా, వినాయక్‌నగర్ లాంటి కాలనీ కోసం గీశారా అని అడిగేవాళ్లు ఉండరు. ఎక్కడైనా అదే నమూనా: నాలుగు గోడలు, పైన స్లాబు, ముందు రేకుల షెడ్డు.

కొత్త కాలనీలో ఈ పద్ధతి ఎలాగోలా నడిచిపోతుంది. పాత ఊళ్లో నడవదు. తరాలుగా జనం వాడుకుంటున్న చోట ఒక కొత్త భవనం లేస్తే నడిచే దారి, వాన నీళ్లు పారే దారి, పండుగ ఊరేగింపు, చిన్న చిన్న వ్యాపారాలు అన్నీ పక్కకు జరగాల్సి వస్తుంది. అందుకే పాత ప్రాంతాల్లో డిజైన్ కన్నా ముందు ఆ ప్రాంతాన్ని చదవాలంటారు ఆర్కిటెక్టులు, ప్లానర్లు. ఈ చదవడంలో ఏమేం ఉంటాయి? నిజామాబాద్, బోధన్ పాత ప్రాంతాల్లో ఏం చూడాలి? అది జరిగిందో లేదో మీరెలా తెలుసుకోవచ్చు?

ఆ 'ఖాళీ స్థలం' నిజంగా ఖాళీయేనా?

మొదట అడగాల్సిన ప్రశ్న ఇదే. హాల్ కోసం అధికారులు వెతికేది ప్రభుత్వ ఖాళీ జాగా. పాత పట్టణంలో అలాంటిది దొరికితే అదృష్టమే అనుకుంటారు. కానీ కిక్కిరిసిన గల్లీల మధ్య ఒక జాగా ఇన్నేళ్లు ఖాళీగా మిగిలిందంటే దానికి ఏదో కారణం ఉంటుంది. బతుకమ్మ ఆడేది అక్కడే కావచ్చు. పీర్ల పండుగకు గుండం తవ్వేది అక్కడే కావచ్చు. ఎవరింట్లోనైనా చావు జరిగితే షామియానా వేసేది, దినాలకు వంటలు వండేది, వినాయక మండపం పెట్టేది, పొద్దున కూరగాయల బండి ఆగేది, రాత్రి ఆటోలు నిలిపేది కూడా అక్కడే కావచ్చు. వాన పడితే ఆ వీధి నీళ్లన్నీ చేరే పల్లం కూడా అదే అయి ఉండొచ్చు.

అంటే పైకప్పు లేని కమ్యూనిటీ హాల్ అక్కడ ఇప్పటికే ఉన్నట్టు. దాని మీద గోడలు కట్టి, తాళం వేసి, తాళంచెవి ఒకరి చేతికి ఇస్తే వార్డుకు ఒక భవనం వస్తుంది, ఒక చోటు పోతుంది. ఈ లాభనష్టాలు తేల్చుకోకుండా ముందుకెళ్లడమే అసలు తప్పు అని మా అభిప్రాయం.

కాబట్టి స్థల పరిశీలన ఒక్కరోజు ఒక్కసారి ఫొటో తీస్తే పూర్తయ్యేది కాదు. మామూలు రోజు, శుక్రవారం, ఆదివారం, ఏదైనా పండుగ రోజు చూడాలి. పొద్దున ఏడింటికి, మధ్యాహ్నం ఒంటిగంటకు, రాత్రి ఎనిమిదింటికి కూడా చూడాలి. ప్రతిసారీ పావుగంట నిలబడి ఎంతమంది నడిచి వెళ్లారు, ఎన్ని బండ్లు పోయాయి, ఎవరు ఎక్కడ కూర్చున్నారు అని రాసుకుంటే చాలు. దీనికి ఖరీదైన పరికరాలేవీ అక్కర్లేదు. ఆ వార్డు ఇంటర్ పిల్లలు కూడా చేయగలరు.

ఇందూరు పేర్లలోనే సగం సమాచారం

నిజామాబాద్ పాత పేరు ఇందూరు. 1905లో రైల్వే స్టేషన్‌కు పెట్టిన నిజామాబాద్ అనే పేరే తర్వాత ఊరికి స్థిరపడింది. గుట్ట మీద ఖిల్లా, అందులో రఘునాథాలయం, దిగువన రఘునాథ చెరువు, చుట్టూ పాత గల్లీలు. రైలు వచ్చాక ఊరు స్టేషన్ వైపు, గంజ్ వైపు పెరిగింది. పసుపు వ్యాపారానికి పేరుపడ్డ శ్రద్ధానంద్ గంజ్ ఆ విస్తరణలోదే. 2011 లెక్కల్లో నగర జనాభా 3.11 లక్షలు.

పాత వీధుల పేర్లు చూడండి. గాజులపేట, పూసలగల్లి, కుమార్‌గల్లి, హమాల్‌వాడి. గాజులు, పూసలు, కుండలు, మూటలు మోసే హమాలీలు. ఎవరు ఏ పని చేస్తూ ఎక్కడ స్థిరపడ్డారో ఈ పేర్లు చెబుతాయి. ఇప్పుడు ఆ పని ఆ వీధిలో ఉండకపోవచ్చు. కానీ ఇళ్ల కట్టుబడిలో దాని జాడ మిగులుతుంది. రెండు ఇళ్లకు ఉమ్మడి గోడ, ముందు అరుగు, లోపల ఆకాశం కనిపించే భవంతి, మందపాటి మట్టిగోడలు, డంగు సున్నం, గూన పెంకలు. ఎండాకాలంలో ఎండ మండిపోయే ఊళ్లో ఇవన్నీ అలంకారం కోసం పెట్టినవి కావు. అరుగు వీధికి నీడనిస్తుంది, భవంతి ఇంటికి గాలినిస్తుంది. వీటి మధ్య అద్దాలు బిగించిన, ఏసీ లేకపోతే కూర్చోలేని హాల్ కడితే కరెంటు బిల్లు ఎవరు కట్టాలన్న గొడవ రెండో నెలకే మొదలవుతుంది.

ఉమ్మడి గోడల విషయంలో ఇంకో జాగ్రత్త ఉంది. పాత మట్టి గోడ పక్కనే జేసీబీతో పునాది తవ్వితే పక్కింటి గోడ బీటలు వారుతుంది. అందుకే చుట్టుపక్కల ఇళ్ల పరిస్థితిని పని మొదలుకాకముందే ఫొటోలతో నమోదు చేయాలి. రేపు నష్టపరిహారం అడగాలన్నా అదే ఆధారం.

ఖిల్లా గురించి ఒక మాట. నిజాం కాలంలో దీన్ని జైలుగా వాడారు. దాశరథి కృష్ణమాచార్యులు ఇక్కడ ఖైదీగా ఉండి జైలు గోడ మీద బొగ్గుతో పద్యాలు రాసిన సంగతి తెలంగాణలో చాలామందికి తెలుసు. ఒక ప్రాంతాన్ని చదవడమంటే ఇలాంటి జ్ఞాపకాలను కూడా లెక్కలోకి తీసుకోవడమే. రాతికట్టడాలతో పాటు పెద్దమనుషుల మాటలూ రికార్డే. ఎక్కడ బావి ఉండేది, ఏ వాగును పూడ్చి రోడ్డేశారు, ఏ ఏడు ఎంత ఎత్తున నీళ్లొచ్చాయి అన్నవి డెబ్బై ఏళ్లు దాటినవాళ్లు చెప్పగలిగినంత వివరంగా ఏ మ్యాపూ చెప్పదు.

ఊరేగింపు దారి డిజైన్‌కు ఎందుకు అవసరం?

నిజామాబాద్‌లో ఏటా ఊర పండుగ జరుగుతుంది. గ్రామదేవతల బొమ్మలను ఖిల్లా వైపు నుంచి పాత బజార్ల మీదుగా ఊరేగిస్తారు. గణేశ్ నిమజ్జన యాత్ర వినాయకుల బావి వైపు సాగుతుంది. మొహర్రం పీర్లు, బోనాలు వీటికి అదనం. ఆ దారుల మీద హాల్ మెట్లు రోడ్డు మీదికి పొడుచుకొస్తే, గేటు ముందు బండ్లు నిలిపితే, ఏడాదికి ఒక్కరోజే అయినా వేలమంది ఇరుక్కుపోతారు.

వందేళ్ల కిందట స్కాట్లాండ్‌కు చెందిన ప్యాట్రిక్ గెడ్డిస్ మన దేశంలో చాలా పట్టణాలు తిరిగి నివేదికలు రాశారు. 1914-15లో మద్రాసు ప్రెసిడెన్సీ పట్టణాలు చూశారు, 1918లో ఇండోర్ నివేదిక ఇచ్చారు. పాత పేటలను పడగొట్టి వెడల్పాటి రోడ్లు వేయడమే అభివృద్ధి అని ఇంజినీర్లు అనుకుంటున్న రోజుల్లో ఆయన గల్లీ గల్లీ నడిచి, ఏ ఇల్లు ఉంచాలి, ఏ గోడ తీస్తే గాలి ఆడుతుంది అని లెక్క వేసేవారు. ఇండోర్‌లో ప్లేగు భయం ఉన్నప్పుడు ఆయన ఒక దీపావళి ఊరేగింపు పెట్టించారు. ఎక్కువ ఇళ్లు శుభ్రం చేసుకున్న వీధుల గుండానే ఊరేగింపు వెళ్తుందని చెప్పారు. జనం పోటీ పడి వీధులు ఊడ్చుకున్నారు. ఇండోర్, ఇందూరు పేర్లు వినడానికి దగ్గరగా ఉన్నాయే తప్ప రెండింటికీ సంబంధం లేదు. అయితే ఊరేగింపు దారిని పట్టణ ప్రణాళికలో భాగంగా చూడాలన్న ఆయన ఆలోచన మాత్రం ఇక్కడ కూడా సరిగ్గా సరిపోతుంది.

భూమి ఎవరిది?

పాత పట్టణాల్లో ఎక్కువ పనులు ఆగిపోయేది ఇక్కడే. జాగా మున్సిపాలిటీదా, రెవెన్యూదా, దేవాదాయ శాఖదా, వక్ఫ్‌దా, పాత గ్రామకంఠమా? ఖాళీగా కనిపించినంత మాత్రాన సర్కారుది కాదు. సర్కారుదైనంత మాత్రాన వివాదం లేనట్టూ కాదు. టౌన్ సర్వే రికార్డులు, రిజిస్ట్రేషన్ శాఖ దగ్గరుండే 22ఏ నిషేధిత జాబితా, వక్ఫ్, దేవాదాయ ఆస్తుల జాబితాలు ఒకదానితో ఒకటి పోల్చి చూడాలి. ఇది ఆర్కిటెక్టు పని కాదని వదిలేస్తారు. తీరా పునాదులు లేచాక కోర్టు స్టే వస్తుంది, ఇనుప చువ్వలు తుప్పు పడుతూ ఏళ్ల తరబడి నిలబడతాయి.

చెరువు దగ్గరైతే ఇంకో పరీక్ష ఉంది. రాష్ట్ర భవన నిబంధనల ప్రకారం చెరువు పూర్తిస్థాయి నీటిమట్టం లోపల ఏ నిర్మాణమూ చేయకూడదు. 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువైతే దాని హద్దు నుంచి 30 మీటర్లు, చిన్న చెరువులు, కుంటలైతే 9 మీటర్లు వదలాలి. 10 మీటర్లకు మించి వెడల్పున్న నాలా పక్కన 9 మీటర్లు, అంతకన్నా చిన్నదైతే 2 మీటర్లు వదలాలి. రఘునాథ చెరువు కిందైనా, బోధన్‌లో బెల్లాల్ చెరువు దగ్గరైనా ప్రభుత్వ భవనం కాబట్టి మినహాయింపు ఉంటుందని అనుకోకండి.

టేపు పట్టుకుని గల్లీలోకి

హాల్ ముందు రోడ్డు ఎంత వెడల్పుందో అందరూ చూస్తారు. అక్కడికి వచ్చే దారిలో అత్యంత ఇరుకైన చోటు ఎంతుందో చూడరు. ఫైరింజిన్‌కు సుమారు రెండున్నర మీటర్ల వెడల్పు కావాలి, మలుపు తిరగడానికి అంతకన్నా ఎక్కువ కావాలి. పైన వేలాడే కరెంటు, కేబుల్ తీగలు, ముందుకు జరిగిన దుకాణాల రేకులు, వీధి మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ వీటన్నింటినీ మ్యాపు మీద గుర్తించాలి. జనం గుమికూడే భవనం 500 చదరపు మీటర్లకు మించిన స్థలంలో ఉన్నా, 6 మీటర్లు దాటి ఎత్తున్నా అగ్నిమాపక శాఖ ఎన్‌ఓసీ తప్పనిసరి. గల్లీ ఇరుకుగా ఉంటే హాల్‌ను చిన్నగా, ఒకే అంతస్తులో, రెండు వైపులా ద్వారాలతో కట్టుకోవడమే దారి. సభలు జరిగే హాళ్లకు కావాల్సిన రోడ్డు వెడల్పు, పార్కింగ్ లెక్కలను టౌన్ ప్లానింగ్ విభాగంతో ముందే రాతపూర్వకంగా తేల్చుకోవాలి.

మెట్ల విషయం. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రజా భవనంలోకి చక్రాల కుర్చీ వెళ్లగలగాలి. ర్యాంపు వాలు 1:12 ఉండాలి, అంటే ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు. వాన నీళ్లకు భయపడి హాల్‌ను మూడడుగుల ఎత్తున కడితే ర్యాంపుకే 36 అడుగులు కావాలి. చిన్న జాగాలో అంత చోటు ఎక్కడిది? ముందే లెక్క వేయకపోతే చివర్లో నిలువుగా ఒక సిమెంటు జారుడుబండ పోసి ర్యాంపు అంటారు.

హాల్ ఎవరికి, ఏ వేళకు?

పెళ్లిళ్లకు అనుకుంటే ఒకసారి ఆగండి. ఇప్పుడు పెద్ద పెళ్లిళ్లు పార్కింగ్ ఉన్న ఫంక్షన్ హాళ్లకు వెళ్లిపోయాయి. పాత గల్లీ హాల్‌కు మిగిలేవి బారసాల, నిశ్చితార్థం, దినాలు, సంఘం మీటింగులు. వీటికి మూడొందల మంది పట్టే హాల్ కన్నా ఎనభై మంది పట్టే గది, మంచి వంటశాల, నీళ్లు, ఆడవాళ్లకు వేరే మరుగుదొడ్లు ఎక్కువ పనికొస్తాయి.

నిజామాబాద్ జిల్లాలో వేల మంది ఆడవాళ్లు ఇంట్లోనే బీడీలు చుడతారు. ఒళ్లో చాట, పక్కన తునికాకు, తంబాకు ధూళి, అదే గదిలో పిల్లలు. వాళ్లు మీటింగులకు రాలేదని సర్వేలో రాసుకుంటే సరిపోదు, ఏ వేళకు రాగలరో అడగాలి. చుట్టిన బీడీలు కార్ఖానాలో అప్పజెప్పే సమయానికి మీటింగు పెడితే ఎవరు వస్తారు? వాళ్లకు కావాల్సింది మధ్యాహ్నం వెలుతురు, గాలి ఉన్న గది కావచ్చు, పిల్లలను వదలడానికి చోటు కావచ్చు. గల్ఫ్‌కు వెళ్లినవాళ్ల ఇళ్లలో కాగితాల పని చూసిపెట్టే మనిషి అవసరం కావచ్చు. పోటీ పరీక్షలకు చదివే పిల్లలకు రాత్రి పదింటిదాకా తెరిచుండే గది కావాలి. ఒకే గదిని రోజులో నాలుగు రకాలుగా వాడుకునేలా డిజైన్ చేయొచ్చు, కానీ ఈ నాలుగూ ముందే తెలియాలి.

ఇంకా సున్నితమైన ప్రశ్న ఒకటుంది. హాల్ ఏ సంఘానిది అనిపిస్తుంది? తెలుగు, ఉర్దూ, మరాఠీ మాట్లాడేవాళ్లు పక్కపక్కనే ఉన్న ఊరు ఇది. ఒక గుడికి లేదా మసీదుకు ఆనుకుని, దాని గేటులోంచే దారి పెట్టి కడితే రెండోవాళ్లు అందులో అడుగు పెట్టరు. వీధిలోంచి నేరుగా ద్వారం పెట్టడం చిన్న మార్పే, కానీ హాల్ అందరిదా కొందరిదా అన్నది అక్కడే తేలిపోతుంది.

బోధన్ శక్కర్‌నగర్ లెక్క వేరు

ఖిల్లా గల్లీల్లో సమస్య ఇరుకు. బోధన్ శక్కర్‌నగర్‌లో సమస్య దానికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. మంజీర మీద 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ నీళ్లతో ఇక్కడ చెరకు విస్తరించింది. 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్ద చక్కెర ఫ్యాక్టరీగా పేరు. దానితో పాటు కంపెనీ కాలనీ పుట్టింది. కాలువ కింద భూములు కొనుక్కున్న కోస్తా రైతులతో చుట్టూ 'క్యాంపు'లు వెలిశాయి. 2002లో 51 శాతం వాటా ప్రైవేటు పరమైంది. 2015 డిసెంబరులో లేఆఫ్ ప్రకటనతో గేట్లు మూతపడ్డాయి. తర్వాత వ్యవహారం లిక్విడేషన్ దాకా వెళ్లింది.

ఇలాంటి చోట ఫ్యాక్టరీ నడిచిన రోజుల జనాభాను చూసి పెద్ద హాల్ కడితే అది ఖాళీగా ఉంటుంది. ఇప్పుడు అక్కడ ఉంటున్నదెవరు? రిటైరైన కార్మికులా, అద్దెకు వచ్చినవాళ్లా? వయసు ఎంత? ఫ్యాక్టరీ మళ్లీ తెరుస్తారన్న ఆశతో ఉన్నవాళ్లకు ఫ్యాక్టరీ జాగాలో వేరే భవనం కడతామంటే ఎలా అర్థమవుతుందో కూడా ఆలోచించాలి. ఆ భవనం వాళ్ల కంట్లో ఆశ వదులుకోమన్న ప్రకటనలా కనిపించొచ్చు. కంపెనీ భూమి ఎవరి చేతిలో ఉందో తేలకుండా ప్రజాధనం పెట్టడం ఎలాగూ కుదరదు.

నేల సంగతి కూడా మరవొద్దు. ఈ చెరకు ప్రాంతంలో నల్లరేగడి ఎక్కువ. వానాకాలం ఉబ్బుతుంది, ఎండాకాలం పగుళ్లిస్తుంది. గుట్ట మీద రాతినేలకు సరిపోయే పునాదిని అదే నమూనాలో ఇక్కడ వేస్తే మూడేళ్లలో గోడలు చీలుతాయి. మట్టి పరీక్ష చేయించి, అవసరమైతే అడుగున ఉబ్బెత్తుగా ఉండే అండర్‌రీమ్డ్ పైల్స్ వేయాలి. ఆ ఖర్చు అంచనాల్లో మొదటే ఉండాలి.

కంపెనీ కాలనీలో దృఢమైన పాత కట్టడమేదైనా వాడకానికి దొరికితే, కొత్తది కట్టే ముందు దాన్ని బాగుచేస్తే ఎంతవుతుందో లెక్క చూడాలి. పూర్వపు నిజామాబాద్ జిల్లాలోని దోమకొండ కోట పునరుద్ధరణకు 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ అవార్డుల్లో గుర్తింపు దక్కింది. అంత పెద్ద పని కాకపోయినా, అదే సున్నం, అదే మేస్త్రీల నైపుణ్యం దగ్గర్లోనే ఉన్నాయన్నమాట.

రక్షిత జాబితాలో లేకపోతే కూల్చేయొచ్చా?

కేంద్ర పురావస్తు శాఖ రక్షిత కట్టడమైతే దాని చుట్టూ 100 మీటర్ల వరకు కొత్త నిర్మాణం నిషేధం, ఆపైన 200 మీటర్ల వరకు అనుమతితోనే కట్టాలి. రాష్ట్ర కట్టడాలకు 2017 నాటి తెలంగాణ వారసత్వ చట్టం ఉంది. పాత ఇళ్లు, బావులు, అంగళ్లు చాలావరకు ఏ జాబితాలోనూ ఉండవు. అలాంటివి ఉంచాలా వద్దా అన్నది స్థానికంగా ముందే తేల్చుకోవాల్సిన విషయం.

ముందే తేల్చుకోకపోతే ఏమవుతుందో హైదరాబాద్ ఎర్రమంజిల్ చూపించింది. 2019 జూన్‌లో అక్కడి పాత భవనాన్ని కూల్చి కొత్త అసెంబ్లీ కట్టాలని మంత్రివర్గం నిర్ణయించింది, శంకుస్థాపన కూడా జరిగింది. సెప్టెంబరు 16న హైకోర్టు, వర్తించే నిబంధనలను పరిగణనలోకి తీసుకోలేదంటూ ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. రాష్ట్ర ప్రభుత్వానికే అలా జరిగితే ఒక మున్సిపాలిటీ సంగతి చెప్పనక్కర్లేదు.

నిజామాబాద్‌లోనూ ఇలాంటి ఆలోచనకు సందర్భం వచ్చింది. 2022 సెప్టెంబరు 5న సమీకృత కలెక్టరేట్ ప్రారంభమయ్యాక నగరం నడుమ ఉన్న పాత కలెక్టరేట్ ఖాళీ అయింది. ఆ చోట కళాభారతి ఆడిటోరియం ప్రతిపాదన వచ్చింది. ఆడిటోరియం మంచిదా కాదా అన్నది వేరే చర్చ. ఏళ్లుగా రోజూ జనం వచ్చిన చోట సాయంత్రాలు మాత్రమే తెరిచే భవనం వస్తే చుట్టూ ఉన్న చిన్న బతుకుదెరువుల సంగతేంటన్నది పరిశీలనలో ఉండాల్సిన ప్రశ్న.

మీరు ఏం అడగొచ్చు?

2019 మున్సిపాలిటీల చట్టం ప్రకారం ప్రతి వార్డులో యువత, మహిళలు, వృద్ధులు, ప్రముఖులతో నాలుగు కమిటీలు, ఒక్కోదాంట్లో 15 మంది ఉండాలి. మీ వార్డులో ఎవరున్నారో కనుక్కోండి. హాల్ ప్రతిపాదన వాళ్ల ముందుకు వచ్చిందా అని అడగండి.

రాలేదంటే సమాచార హక్కు చట్టం కింద మున్సిపల్ కార్యాలయంలో దరఖాస్తు చేయొచ్చు. ఫీజు 10 రూపాయలు, తెల్లకార్డు ఉన్న పేదలకు ఉచితం, 30 రోజుల్లో జవాబివ్వాలి. "వివరాలు ఇవ్వండి" అని పొడిగా రాస్తే పొడి జవాబే వస్తుంది. విడివిడిగా అడగండి: స్థలం సర్వే నంబరు, యాజమాన్య పత్రం నకలు, స్థల పరిశీలన నివేదిక, దాని తేదీ, మట్టి పరీక్ష ఫలితం, అగ్నిమాపక ఎన్‌ఓసీ, ప్లాన్ నకలు, కట్టాక నిర్వహణ ఎవరిది, తాళం ఎవరి దగ్గర ఉంటుంది, అద్దె ఎంత, ఆ డబ్బు ఏ ఖాతాలోకి. ఈ చివరి ప్రశ్నకు జవాబు లేని హాళ్లే ఎక్కువగా గోదాములవుతాయి.

సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలో వినతిపత్రం ఇచ్చేటప్పుడు మీరు తీసిన ఫొటోలు, పావుగంట లెక్కలు, గల్లీ కొలతలు జత చేయండి, రసీదు తీసుకోండి. టెండరు పిలవకముందైతే స్థలం మార్చమని అడగొచ్చు. పిలిచాక కూడా గేటు ఏ వైపు, ఎత్తు ఎంత, బతుకమ్మకు ముందు ఎంత జాగా వదలాలి అన్నవి మారే అవకాశం ఉంటుంది. స్లాబు పడ్డాక మాత్రం అడగడానికి మిగిలేది తాళంచెవి సంగతే.